బీపీ, కొలెస్ట్రాల్ మాత్రలు వాడేవారు చీనీరసం మానాలా?

ప్రశ్న: గార్లదిన్నె తోట

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా గార్లదిన్నె మండలం. మా నాయనకు అరవై నాలుగేళ్లు. మాకున్న నాలుగెకరాల్లో మూడెకరాలు చీనీ (బత్తాయి) తోటే. కోత నడిచే నెలల్లో మండీకి తగని సన్నకాయలను ఆయన గంపలో పక్కకు పెట్టించుకొని, పొద్దున ఒక పెద్ద గ్లాసు, సాయంత్రం తోట నుంచి వచ్చాక ఇంకొక గ్లాసు రసం తాగుతాడు. ఈ అలవాటు నేను పుట్టకముందు నుంచీ ఉన్నదేనని అమ్మ చెబుతుంది.

రెండేళ్లుగా ఆయన బీపీకి ఆమ్లోడిపిన్ 5, కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్ 10 వాడుతున్నాడు. పోయిన సంవత్సరం షుగరు కూడా బయటపడటంతో మెట్‌ఫార్మిన్ 500 రెండు పూటలా మొదలైంది. ఇంతవరకు ఏ ఇబ్బందీ రాలేదు. అయితే పోయిన వారం మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం తిరిగింది. బీపీ, కొలెస్ట్రాల్ మందులు వాడేవారు ద్రాక్షపండు, బత్తాయి, నిమ్మజాతి రసాలు తాగితే ఒక మాత్ర పది మాత్రలంత పనిచేసి ప్రాణం మీదికి తెస్తుందని, విదేశాల్లో ఈ హెచ్చరికను మందు డబ్బాల మీదే అచ్చువేస్తారని అందులో ఉంది. రసం తగ్గించమని చెబుదామని నేను అనుకునేలోపే నాయన మాత్రలు మానేశాడు. “చెట్టున కాసింది విషమవుతుందా, అంగట్లో కొన్నది విషమవుతుందా?” అన్నది ఆయన వాదం. ఈ రోజుతో నాలుగు రోజులైంది. ఊళ్లో మందులషాపులో అడిగితే, ఎందుకైనా మంచిది, పులుపు మానేయమని చెప్పి పంపించారు.

ఆ సందేశంలో నిజమెంత? చీనీరసానికీ ఈ మాత్రలకూ నిజంగానే పడదా? అమ్మ సంగతి కూడా ఒక మాట చెబుతాను. ఆమె రోజూ పరగడుపున గోరువెచ్చని నీళ్లలో నిమ్మరసం, తేనె కలుపుకొని తాగుతుంది. వారానికి ఒకసారి వేసుకునే అలెండ్రోనేట్ అనే ఎముకల మాత్రను కూడా, పరగడుపున వేసుకోమన్నారు కాబట్టి, ఆదివారాలు ఆ నిమ్మనీళ్లతోనే మింగుతుంది. ఆమె విషయంలో భయపడవలసింది ఏమీ లేదనే అనుకుంటున్నాను.

జవాబు: కర్నూలు పాత ఫార్మసిస్టు

తమ్ముడూ, తక్కినదంతా తరువాత చదువుకో. ముందు నాయనగారి చేత ఈ రోజే మాత్రలు మళ్లీ మొదలుపెట్టించు. నాలుగు రోజులవి కలిపి వేయకూడదు. రోజూ వేసుకునే మోతాదే వేసుకోవాలి. దగ్గరలోని ఆరోగ్య కేంద్రంలో బీపీ ఒకసారి చూపించండి. మీ ఇంట్లో ప్రస్తుతం ఉన్న ప్రమాదం రసం వల్ల వచ్చింది కాదు, మాత్రలు ఆపటం వల్ల వచ్చింది.

ఇక ఆ సందేశం సంగతి. అందులో ఒక నిజం ఉంది, కాని అది వేరొక పండుకు చెందిన నిజం. ఆంగ్లంలో గ్రేప్‌ఫ్రూట్ అని పిలిచే పండు ఒకటి ఉంది. పేరులో ద్రాక్ష ఉన్నా అది ద్రాక్ష కాదు. చెట్టుకు గుత్తులుగా కాస్తుందని ఆ పేరు వచ్చిందంటారు. మన పంపరపనసకూ తీపి నారింజకూ కలిగిన సంకరం అది. తెలుగు చేసినవారెవరో దానిని ఒకచోట ద్రాక్షపండు అని, ఇంకొకచోట బత్తాయి అని రాసేశారు. దానితో మన చీనీకాయ చేయని నేరం నెత్తిన పడింది.

ఆ నేరం ఎలా బయటపడిందో చెబితే సంగతి తేటపడుతుంది. 1989లో కెనడాలో డేవిడ్ బెయిలీ అనే పరిశోధకుడూ ఆయన బృందమూ ఫెలోడిపిన్ అనే బీపీ మందును మద్యంతో కలిపి తీసుకుంటే ఏమవుతుందో చూడాలనుకున్నారు. తాము తాగుతున్నది మద్యమో కాదో పాల్గొన్నవారికి తెలియకుండా ఉండటానికి, వాసన కప్పిపుచ్చే గ్రేప్‌ఫ్రూట్ రసంలో కలిపి ఇచ్చారు. తీరా చూస్తే మద్యం తాగినవారిలోనూ, తాగనివారిలోనూ మందు రక్తంలో అనుకున్నదానికి కొన్ని రెట్లు ఎక్కువగా ఉంది. దోషం మద్యానిది కాదు, దానిని దాచటానికి వాడిన రసానిది. మనం మింగిన మందులో కొంత భాగాన్ని పేగు గోడలోని సీవైపీ3ఏ4 అనే ఎంజైము రక్తంలోకి చేరకముందే విరగ్గొడుతుంది. వైద్యులు నిర్ణయించే మోతాదు ఆ తరుగును లెక్కలోకి తీసుకున్నదే. గ్రేప్‌ఫ్రూట్‌లోని బెర్గమోటిన్ వంటి ఫ్యూరనోకౌమరిన్లు అనే పదార్థాలు ఆ ఎంజైమును పూర్తిగా పాడుచేస్తాయి. పేగు కొత్త ఎంజైమును తయారుచేసుకోవటానికి ఒక రోజు, కొన్నిసార్లు రెండు మూడు రోజులు పడుతుంది కాబట్టి, ఆ పండు విషయంలో రెండు గంటలు ఎడం పెట్టినా ప్రయోజనం ఉండదు.

మన చీనీ, అంటే సాత్‌గుడి, తీపి నారింజ జాతి. అందులో ఈ పదార్థాలు లెక్కించదగినంతగా ఉండవు. పైగా ఆమ్లోడిపిన్ మీద అసలు గ్రేప్‌ఫ్రూట్ ప్రభావమే స్వల్పం. అటోర్వాస్టాటిన్ మీద ఆ పండు ప్రభావం ఉన్న మాట నిజమే, ముఖ్యంగా లీటరుకు పైగా తాగేవారిలో. అదే కోవ కొలెస్ట్రాల్ మందుల్లో సింవాస్టాటిన్ మీద ఇంకా ఎక్కువ, రోసువాస్టాటిన్ మీద లేదనే చెప్పాలి. కాబట్టి నాయనగారి మూడు మాత్రలకూ చీనీరసానికీ వైరం లేదు. మీ పెరట్లోనో పక్కింట్లోనో పంపరపనస చెట్టు ఉంటే మాత్రం, ఆ పండు గ్రేప్‌ఫ్రూట్‌కు తల్లి వరుస అని గుర్తుంచుకొని, అటోర్వాస్టాటిన్ వాడినంతకాలం ఆయనను దానికి దూరంగా ఉంచండి.

నారింజ జాతి రసాలు ఇంకొక విధంగా, అంటే మందు బలాన్ని తగ్గించే విధంగా, అడ్డుపడటం ఉంది. అలర్జీకి వాడే ఫెక్సోఫెనడిన్, బీపీకి వాడే అటెనోలాల్ వంటివి రసంతో మింగితే ఒంటికి పట్టేది తగ్గుతుంది, ఎందుకంటే పేగులో వాటిని లోపలికి మోసుకుపోయే వాహక ప్రొటీన్లను రసంలోని పదార్థాలు అడ్డుకుంటాయి. అందుచేత ఏ మాత్రనైనా మంచినీళ్లతోనే మింగాలి.

అమ్మగారి విషయంలో భయం లేదన్నావు. నీ ప్రశ్న మొత్తంలో నన్ను నిజంగా ఆపింది ఆ వాక్యమే. అలెండ్రోనేట్ అసలే ఒంటికి పట్టేది నూటికి ఒక వంతు కూడా ఉండదు. కాఫీతోనో నారింజరసంతోనో తీసుకుంటే ఆ కొద్దిలోనూ సుమారు 60 శాతం తగ్గిపోతుందని ఆ మందు తయారీదారుల పత్రంలోనే ఉంటుంది. పరగడుపున అంటే నిమ్మనీళ్లు కూడా లేకుండా అని అర్థం. నిద్ర లేచిన వెంటనే నిండు గ్లాసు మామూలు మంచినీళ్లతో మింగి, కనీసం అరగంట పాటు పడుకోకుండా, ఏమీ తినకుండా, తాగకుండా ఉండాలి. లేకపోతే మాత్ర గొంతు దిగువన అన్నవాహికను ఒరుసుకొని పుండు చేయవచ్చు. ఎంతకాలంగా ఇలా వేసుకుంటున్నారో ఆమె వైద్యునికి తప్పకుండా చెప్పండి, ఎందుకంటే మందు పనిచేయటం లేదని ఆయన పొరపాటుపడే అవకాశం ఉంది.

జవాబు: కడప ఆహార సలహాదారు

ఫార్మసిస్టు గారు మాత్రల సంగతి చెప్పేశారు కాబట్టి ఆ దారిలో నేను వెళ్లను. కాని “వైరం లేదు” అన్న ఆ ఒక్క మాట పట్టుకొని మీ నాయనగారు ఇంకొక గ్లాసు పెంచుతారేమోనని నా భయం. ఆయనకు షుగరు ఉన్నదన్న సంగతి మీ ప్రశ్నలో ఒక వాక్యంలో వచ్చి వెళ్లిపోయింది; నా దృష్టిలో అసలు విషయం అదే.

పావు లీటరు రసం రావాలంటే మూడు నాలుగు చీనీకాయలు పిండాలి. అందులో 20 నుంచి 25 గ్రాముల చక్కెర ఉంటుంది. ఒక్క చెంచా కూడా పైన వేయకుండానే. రెండు గ్లాసులంటే సుమారు పది చిన్న చెంచాల చక్కెర. అదే నాలుగు కాయలను ఒలిచి తొనలు తినమంటే మీ నాయనగారు కూడా రెండో కాయ దగ్గరే ఆగిపోతారు. నమలటం, పీచు, కడుపు నిండటం అనే మూడు కట్లనూ రసం తెంపేస్తుంది. జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాదు నుంచి 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కూడా రసానికి బదులు 100 నుంచి 150 గ్రాముల పండునే తినమని చెబుతున్నాయి. సీ విటమిన్ కోసమే తాగుతున్నామనే వాదన ఒకటి ఉంటుంది. వంద గ్రాముల చీనీ తొనల్లో సుమారు 50 మిల్లీగ్రాములుంటాయి. పురుషునికి రోజుకు 80, స్త్రీకి 65 మిల్లీగ్రాములు చాలు. రెండు కాయలకే లెక్క తీరిపోతుంది, మిగిలినది మూత్రంలో పోతుంది. ఆ మాటకొస్తే జామకాయలో చీనీ కంటే కొన్ని రెట్లు ఎక్కువ ఉంటుంది. సీ విటమిన్‌ను మొదట విడదీసినవారిలో ఒకరైన హంగేరీ శాస్త్రవేత్త సెంట్-గ్యోర్గీ దానిని పెద్దమొత్తంలో తీసింది నారింజ నుంచి కాదు, తమ ఊరి మిరపకాయల నుంచి. మన సీమవారు సంతోషించదగిన సంగతి ఇది.

అదే సెంట్-గ్యోర్గీ 1936లో నిమ్మజాతి తొక్కల్లోని ఫ్లేవనాయిడ్లు అనే పదార్థాలకు పీ విటమిన్ అని పేరు పెట్టారు. అవి లేకపోతే వచ్చే జబ్బు ఏదీ తేలకపోవటంతో 1950ల నాటికి ఆ పేరు వదిలేశారు. వాటిలో ముఖ్యమైనది హెస్పరిడిన్. చీనీ పైతొక్కకూ తొనకూ నడుమ ఉండే తెల్లటి మెత్తని పొరలోనూ, తొన మీది పలుచటి పొరలోనూ అది ఎక్కువగా ఉంటుంది. రక్తనాళాలు వ్యాకోచించటానికి అది కొంత సాయపడుతున్నట్లు కొన్ని చిన్న ప్రయోగాల్లో కనిపించింది; బీపీ మాత్రకు బదులయ్యేటంత బలం మాత్రం దానికి లేదు. ఆ మేలేదో అందాలన్నా, రసం వడకట్టి పిప్పి పారేసేవారి కంటే తొనలు తినేవారికే ఎక్కువ అందుతుంది.

రసం మందులాగా పనికివచ్చే సందర్భం ఒకటి ఉంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి షుగరు ప్రమాదకరంగా పడిపోవటం అరుదు. రేపు గ్లిమెపిరైడ్ అనే షుగరు మాత్రో, ఇన్సులినో చేరితే అది జరగవచ్చు. చెమట పట్టి, చేతులు వణికి, కళ్లు తిరిగినప్పుడు అర గ్లాసు చీనీరసం వెంటనే ఇచ్చి, 15 నిమిషాల తరువాత మళ్లీ పరీక్షించాలి. ఆ అర గ్లాసు కోసం తోట ఉన్నవారు అదృష్టవంతులు.

జవాబు: అనంతపురం రసాల బండి

నేను చదువుకున్నది తక్కువ. పాతికేళ్లుగా అనంతపురంలో చీనీరసం తీసి అమ్ముతున్నాను కాబట్టి నా అనుభవం రాస్తున్నాను. కడప మేడమ్ గారు చెప్పినది నాకు రోజూ కనిపించేదే. “షుగరు ఉంది, చక్కెర వేయొద్దు” అని గట్టిగా చెప్పిన మనిషే రెండు గ్లాసులు తాగి, ధైర్యంగా మూడోది ఇంటికి కట్టించుకొని పోతాడు. అందుకు నేను సంతోషించాలో బాధపడాలో నాకే తెలియదు. నా బండి నడిచేది దాని మీదే.

తొనలే తినండి అనే మాటకు మాత్రం చిన్న అభ్యంతరం చెప్పాలి. మే నెలలో తోటలో పాదులు తవ్వే కూలివారికీ, మండీలో లారీలకు ఎత్తే హమాలీలకూ, ఒళ్లంతా చెమటై పోయాక చిటికెడు ఉప్పు వేసిన అర గ్లాసు రసం, దాని వెనుక చెంబుడు నీళ్లు ఇస్తే మనిషి తేరుకోవటం నా కళ్లతో చూశాను. వారి ఒంటికీ, గద్దె మీద కూర్చొని లెక్కలు రాసే మనిషి ఒంటికీ ఒకే నియమం ఎలా వర్తిస్తుంది?

చేదు గురించి కూడా చెబుతాను. మిక్సీలో గింజలతో సహా తిప్పినా, తెల్లపొర ఎక్కువగా కలిసినా, రసం పిండిన వెంటనే తియ్యగానే ఉండి గంట రెండు గంటలకు చేదెక్కుతుంది. దానిని కప్పటానికే చాలామంది పాకం పోస్తారు. ఇంట్లో చేసేవారు కాయను అడ్డంగా కోసి, చేతిమరతో పైపైన తిప్పి, అప్పటికప్పుడు తాగితే పాకం అవసరమే రాదు. ఐసు మాత్రం వద్దు. అది ఏ నీళ్లతో చేసిందో అమ్మే నాకే తెలియదు, తాగే మీకేం తెలుస్తుంది?

జవాబు: కడప ఆహార సలహాదారు

రసాల బండి అన్నగారి అభ్యంతరం న్యాయమైనదే. నేను చెప్పినది షుగరు ఉన్న, వయసు పైబడిన మనిషికి. ఎండలో కష్టపడేవారికి ఉప్పు, చక్కెర, నీళ్లు మూడూ కావాలి. వాంతులూ విరేచనాలూ ఉన్నప్పుడు మాత్రం అంచనాగా కలిపిన రసం చాలదు, ఓఆర్ఎస్ పొట్లమే కావాలి. పొట్లం దొరకని చోట లీటరు శుభ్రమైన నీటికి ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు తలగొట్టి కలపాలి.

ఆయన చెప్పిన ఆలస్యపు చేదుకు కారణం లిమోనిన్. కాయలో ఉన్నప్పుడు అది చేదులేని రూపంలో ఉంటుంది. పిండాక పులుపుతో కలిసి మెల్లగా చేదుగా మారుతుంది. చేదెక్కిన రసం చెడిపోయినట్లు కాదు, దానికి పోసే పాకమే చెరుపు.

జవాబు: పంటి వైద్యురాలు, కడప

ఒక్క చిన్న విషయం చేర్చి వెళ్తాను. పంటి మీది ఎనామెల్ సుమారు 5.5 పీహెచ్ (పులుపు కొలత; అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) దగ్గర కరగటం మొదలవుతుంది; నిమ్మరసం పీహెచ్ 2 నుంచి 3 మధ్య ఉంటుంది. రోజూ పొద్దున నిమ్మనీళ్లను కొంచెంకొంచెంగా చప్పరిస్తూ తాగి, వెంటనే బ్రష్ చేసే పెద్దవారి ముందుపళ్లు పలుచనై, చల్లనీళ్లకు జివ్వుమనటం మేము తరచుగా చూస్తాము. అమ్మగారు నిమ్మనీళ్లు తాగాలనుకుంటే ఒక్కసారిగా తాగి, మామూలు నీళ్లతో పుక్కిలించి, అరగంట పైనే ఆగి బ్రష్ చేయమనండి. నిమ్మకాయను గ్లాసులో కంటే పళ్లెంలో పిండుకోవటం ఇంకా మేలు. ఆకుకూరల్లో, రాగుల్లో ఉండే ఇనుము ఒంటికి పట్టటానికి సీ విటమిన్ సాయపడుతుంది. భోజనంతో కలిసినప్పుడే ఆ సాయం అందుతుంది.

ప్రశ్న వేసినవారి మాట: గార్లదిన్నె తోట

అందరికీ కృతజ్ఞతలు. ఫార్మసిస్టు గారి జవాబును నాయనకు పూర్తిగా చదివి వినిపించాను. పంపరపనస కథ విని, “అయితే మన చీనీ నిర్దోషి” అని నవ్వి ఆ రాత్రికే మాత్ర వేసుకున్నాడు. మరునాడు ఆరోగ్య కేంద్రంలో బీపీ 158/96 ఉంది. వారం తరువాత మళ్లీ చూస్తే 138/86కు దిగింది. రసం విషయంలో సాయంత్రపు గ్లాసు ఆగిపోయింది. పొద్దున గ్లాసుకు బదులు రెండు కాయలు తొనలుగా తింటున్నాడు కాని, మధ్యాహ్నం తోటలో ఎవరూ చూడనప్పుడు ఏం చేస్తున్నాడో చెప్పలేను.

అమ్మ సంగతే నాకు కలవరం కలిగించింది. పద్నాలుగు నెలలుగా నిమ్మనీళ్లతోనే మింగుతున్నదట. వైద్యుడు విని, ఎముకల స్కాన్ మళ్లీ తీయించాకే మందు గురించి ఆలోచిస్తామన్నారు. ఇప్పుడు ఆదివారాలు మంచినీళ్లు మాత్రమే.

ఇంకొక్క ప్రశ్న. తాడిపత్రిలో ఉండే మా బావకు కిడ్నీలో 5 మిల్లీమీటర్ల కాల్షియం రాయి ఉందన్నారు. చీనీ, నిమ్మ తాగితే రాయి కరుగుతుందని కొందరు, సీ విటమిన్ వల్లనే రాళ్లు వస్తాయని కొందరు చెబుతున్నారు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: కర్నూలు పాత ఫార్మసిస్టు

ఇద్దరి మాటల్లోనూ సగం సగం నిజం ఉంది, తమ్ముడూ. నిమ్మజాతి పండ్లలోని సిట్రేట్ మూత్రంలో కాల్షియంతో జతకట్టి, అది ఆక్సలేట్‌తో కలిసి గట్టిపడకుండా చూస్తుంది. అందుచేత కొత్త రాళ్లు రావటం తగ్గవచ్చు. ఏర్పడిన కాల్షియం రాయిని అది కరిగించదు. 2006లో అమెరికాలోని డాలస్‌లో జరిగిన ఒక చిన్న అధ్యయనంలో, నిమ్మ పానీయం కంటే నారింజరసమే మూత్రంలో సిట్రేట్‌ను బాగా పెంచింది. నారింజలో సిట్రేట్‌కు పొటాషియం తోడుగా ఉండటం, నిమ్మలో ఆ స్థానంలో ఆమ్లం ఉండటం దానికి కారణం. అయితే పండులో వచ్చే సీ విటమిన్‌తో చిక్కు లేదు. జలుబు రాకూడదని రోజూ 1000 మిల్లీగ్రాముల మాత్రలు వేసుకునేవారిలో, ముఖ్యంగా పురుషుల్లో, అదనపు విటమిన్ ఆక్సలేట్‌గా మారి రాళ్ల ముప్పు పెంచుతుంది. మీ బావ అటువంటివి వాడుతుంటే మానేయమనండి.

రసం కంటే ముఖ్యమైనవి నీళ్లు. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం పోయేటంతగా తాగాలి. తాడిపత్రి ఎండలకు అంటే మూడున్నర, నాలుగు లీటర్లు పడుతుంది. చక్కెర లేని నిమ్మనీళ్లు అందులో భాగంగా తాగవచ్చు. కాని ముందు ఒక రక్తపరీక్ష చేయించి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరును చూపేది), పొటాషియం చూసుకోమనండి. కిడ్నీ పనితీరు తగ్గినవారికీ, ఒంట్లో పొటాషియం పెంచే టెల్మిసార్టాన్, స్పిరోనోలాక్టోన్ వంటి మందులు వాడేవారికీ గ్లాసుకు సుమారు 450 మిల్లీగ్రాముల పొటాషియం ఉన్న చీనీరసమే గుండె లయ తప్పించవచ్చు. నొప్పితో పాటు జ్వరం వచ్చినా, మూత్రం ఆగినా, నీళ్లు తాగుతూ ఇంట్లో కూర్చోకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.